పరగడుపు

“ఆ బ్యాగు ఇటివ్వు.”

“ఎందుకు?”

“ఇవ్వమన్నానా, లేదా?”

ఆలిస్ ఇవ్వలేదు. ఇవ్వనంత మాత్రాన ఆగే మనిషి కాదు కాంతమణి. కూతురి భుజం మీంచి బ్యాగు లాగేసి భోజనాల బల్ల మీద బోర్లించింది. దువ్వెన, బస్ పాసు, ఆఫీసు బీరువా తాళాలు, చేతిరుమాలు, తలనొప్పి మాత్రలు, అన్నీ బల్ల మీద దొర్లాయి. వాటి పక్కనే మధ్యాహ్నం వచ్చిన రక్త పరీక్ష రిపోర్టు ఉంది. ఫాస్టింగ్ షుగర్ పోయిన నెల కంటే ఇంకా పెరిగింది.

కాంతమణి ముప్పై ఏళ్ళు మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. ట్రంకు పెట్టెల్లో దాచుకున్న చెగోడీలు, ప్రేమలేఖలు పట్టుకోవడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆ హాస్టలు పోయింది గానీ, ఆ చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడా చెయ్యి నలభై దాటిన కూతురి వస్తువుల్లో తిరుగుతోంది.

“ఇదేంటి?”

“దగ్గు బిళ్ళ.”

“తియ్యగా ఉంటుందా, ఉండదా?”

“అమ్మా, అది దగ్గు బిళ్ళ!”

“నేనడిగింది అది కాదు. తియ్యగా ఉంటుందా, ఉండదా?”

“ఉంటుంది.”

కాంతమణి ఆ బిళ్ళను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్న కొడుక్కి చూపించింది. “చూశావురా నోవహూ? ఇదీ మీ అక్క పథ్యం.”

నోవహు చూశాడు. రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి, తోడేసిన బావిలా తిరిగి వస్తున్నాడు. తల్లి కిడ్నీకి ఆమె వయసూ బీపీ అడ్డం. భార్య దేవకృప రక్తం గ్రూపు కలవలేదు. అన్నీ కలిసింది అక్క ఆలిస్‌కే.

కలిసింది కానీ, ఆమె రక్తం మొదటిసారి చూసినప్పుడే డాక్టరు పెదవి విరిచాడు. షుగరు గీత మీద ఉంది, కొవ్వు గీత దాటింది. తిండి మార్చండి, నడవండి, బరువు తగ్గండి, రక్తం దారికొస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ రోజు నుంచి ఆలిస్ కంచం ఆలిస్‌ది కాకుండా పోయింది. వంటింటి అలమరకు తాళం పడింది. ఆ తాళంచెవి కాంతమణి బొడ్లో ఉంది.

“అక్కా, నీకు తినాలనుంటే తిను,” అన్నాడు నోవహు నీరసంగా. “నేను పోయాక తిను. ఎక్కువ కాలం పట్టదులే.”

“నేనేం తినలేదురా.”

“రిపోర్టు అబద్ధమా మరి?”

“నాకు తెలీదు. నేను తినలేదు. అంతే.”

“దేవకృపా,” అని పిలిచింది కాంతమణి. “నువ్వు చెప్పు. రోజూ వెంట నడిచేది నువ్వే కదా?”

దేవకృప వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగిన పిల్ల. మొగుడు మంచాన పడ్డప్పటి నుంచి ఆమె మాటలో మెత్తదనం పోయింది.

“నాకేం ఎర్క అత్తమ్మా. పొద్దుగాల నేను ఎంటనే ఉంటున్న గద. తొవ్వల ఏం తినలే. ఆఫీసుల ఏం తింటుందో నేను చూడొచ్చిన్నా?”

“విన్నావా? బేగంపేట ఆఫీసులో పుట్టినరోజులూ, ప్రమోషన్లూ. రోజుకో కేకు.”

“ఆ కేకు ముక్క ప్యూనుకిచ్చేస్తున్నానమ్మా. నమ్మకపోతే వచ్చి అడుగు.”

“అడగమంటే అడుగుతాను. నాకేం సిగ్గా?”

అడుగుతుంది. తల్లి సంగతి ఆలిస్‌కు తెలుసు. మర్నాడే బస్సెక్కి వచ్చి, రిసెప్షన్ దగ్గర నిలబడి మా అమ్మాయి ఇక్కడేం తింటోందండీ అని పదిమందినీ అడిగేయగలదు.

“నన్నోసారి చూడమ్మా,” అంది. “ఈ జాకెట్టు ఎన్నిసార్లు లోపలికి కుట్టించానో చూడు. దొంగతిండి తినేదాన్నైతే ఇలా చిక్కిపోతానా?”

కాంతమణి ఆమెను ఎగాదిగా చూసింది. “చిక్కావు. తమ్ముడి మీద దిగులుతో అనుకున్నాను ఇన్నాళ్ళూ. దొరికిపోతాననే దిగులని ఇప్పుడు తెలిసింది.”

దేవకృప మంచినీళ్ళ గ్లాసు తెచ్చి మొగుడికిచ్చింది. అతనికి రోజు మొత్తానికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి. అతను గొంతు తడుపుకుని గ్లాసు తిరిగిచ్చాడు. ఆలిస్ బల్ల మీది వస్తువులన్నీ బ్యాగులో వేసుకుంది, దగ్గు బిళ్ళ తప్ప. అది కాంతమణి తన దగ్గరే ఉంచుకుంది.

*

పొద్దున్నే మెంతులు నానిన నీళ్ళు, ఆ తర్వాత కాకరకాయ రసం. తిరుమలగిరి మిలిటరీ గోడ వెంట, ఒళ్ళంతా చెమట పట్టేదాకా నడక. ఇంటికొచ్చాక చప్పటి రాగి జావ. మధ్యాహ్నం జొన్న రొట్టె, ఆకుకూర. రాత్రి మళ్ళీ జొన్న రొట్టె, మళ్ళీ ఆకుకూర. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లో వాళ్ళు కోడికూరతో అన్నం కలుపుకుంటే ఆమెకు ఉడికించిన సొరకాయ. పగవాడికి కూడా వద్దు ఆ సొరకాయ.

ఆలిస్ ఇవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. చేసి చేసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. మోకాళ్ళ నొప్పి పోయింది. ఒంట్లో ఇంత తేలిక ఆమె ఎరగదు. ఒళ్ళేమో బాగుపడ్డానంటోంది, కాగితమేమో పాడయ్యావంటోంది. ఇంట్లో అందరూ కాగితాన్నే నమ్మారు.

మర్నాడు సాయంత్రం చర్చి స్త్రీల సమాజం వాళ్ళు ప్రార్థనకొచ్చారు. చాపలు పరిచారు. సమాజానికి పెద్ద ఎలీసబెతమ్మ. భారీ మనిషి, మెత్తని గొంతు. ఆ మెత్తని గొంతుతోనే పేటలో ఎవరింటి గుట్టునైనా బయటికి లాగేస్తుంది.

“ప్రార్థన విన్నపాలు ఏమైనా ఉంటే చెప్పండమ్మా,” అంది ఆమె.

ఒకావిడ కూతురి కాన్పు గురించి చెప్పింది. ఇంకొకావిడ అల్లుడి తాగుడు గురించి చెప్పింది. ఆ తర్వాత కాంతమణి పైట సర్దుకుంది.

“మా ఆలిస్ కోసం ప్రార్థించండి,” అంది. “తమ్ముడి ప్రాణం దాని నాలుక మీద ఉంది. ఆ నాలుకను అది కట్టుకోలేకపోతోంది. దొంగతనంగా తింటోంది. రిపోర్టులు చెబుతున్నాయి. తల్లిని, నాకు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.”

సిగ్గేమీ లేదు. ఎంతో వివరంగా చెప్పింది. చాపల మీది తలలన్నీ ఒక్కసారిగా గది మూలకు తిరిగాయి. అక్కడ ఆలిస్ పాటల పుస్తకాలు పంచుతోంది.

“ఇందులో బాధపడేదేం లేదమ్మా ఆలిస్,” అంది ఎలీసబెతమ్మ ఓదార్పుగా. “నాకూ షుగరే. నేనూ మైసూర్‌పాక్ చూస్తే ఆగలేను. అందరం బలహీనులమే. ఒప్పుకుంటే చాలు. తిన్నానని ఒక్క మాట ఒప్పుకో.”

“తినలేదండీ.”

“అదిగో, ఆ మొండితనమే వద్దనేది.”

ఆలిస్ చేతిలోని పుస్తకాలు చాప మీద పెట్టింది. జీవితంలో ఎప్పుడూ పెద్దల ముందు గొంతెత్తని మనిషి.

“ప్రార్థన తర్వాత చేద్దురు గాని,” అంది. “ముందు నా రక్తం తీయించండి. ఎల్లుండే. డాక్టరు ఎదుటే తీయించండి. అమ్మ పక్కనే కూర్చుంటుంది. కావాలంటే ఈ రెండు రోజులూ నన్ను గదిలో పెట్టి తాళం వేయండి. అప్పుడు కూడా ఎక్కువే వస్తే, ఆదివారం గుడిలో నిలబడి మీరు చెప్పమన్నది చెబుతాను.”

“పందెమా తల్లీ?” అంది ఎలీసబెతమ్మ.

“పందెమే అనుకోండి.”

కాంతమణికి ఆ మాట నచ్చింది. “తాళం వేయక్కర్లేదు,” అంది. “నేను పక్కనే పడుకుంటాను.”

అన్నంత పనీ చేసింది. ఆలిస్ స్నానాల గదికి వెళ్ళినా తలుపు బయట నిలబడింది. ఆఫీసుకు సెలవు పెట్టించింది. రెండు రోజులూ తల్లీకూతుళ్ళ మధ్య అవసరమైన మాటలే నడిచాయి. కంచం ముందు అడిగే “సరిపోతుందా?” అనే మాట సైతం కాంతమణి అడగలేదు. ఎంత పెట్టాలో ఆమెకు తెలుసు.

*

పరీక్ష రోజు పొద్దున తల్లి గ్లాసుతో వచ్చింది.

“పట్టు.”

“వద్దమ్మా.”

“ఉపవాసంలో కళ్ళు తిరిగి పడితే నన్నంటారు. నేను కన్నతల్లిని. గ్లూకోజ్ నీళ్ళు. పట్టు.”

ఆలిస్ తాగేసింది. ఎప్పటిలాగే చివరి చుక్క దాకా తాగింది.

డాక్టర్ మధుసూదన్ పాత రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని చూశాడు. ఆలిస్ బరువు చూశాడు, బీపీ చూశాడు. మళ్ళీ రిపోర్టులు చూశాడు. ఆయనకు లెక్క కుదరడం లేదని మొహంలోనే తెలుస్తోంది.

“బరువు ఇంత తగ్గారు. నడుస్తున్నారు. మరి ఇదెందుకిలా?” అన్నాడు. “రాత్రి ఎప్పుడు తిన్నారు?”

“పొద్దు పోకముందే డాక్టరు గారూ.”

“పొద్దున?”

“ఏమీ తినలేదు. ఉపవాసమే.”

“తాగారా ఏమైనా?”

ఆలిస్ నోరు తెరవబోయింది. కాంతమణి అందుకుంది. ఈ మనిషికి నా కూతుర్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో తెలియాలి అన్నట్టు కుర్చీలో ముందుకు జరిగింది.

“గ్లూకోజ్ నీళ్ళు ఇచ్చానండీ. పెద్ద గ్లాసు నిండా. నీరసపడకుండా.”

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

“ఎందుకిచ్చారమ్మా?”

“ఉపవాసం కదండీ.”

“ఉపవాసమని ఎవరన్నారు?”

“మీరే రాశారు కదండీ, ఫాస్టింగ్‌లో రమ్మని. మేం ప్రతి శుక్రవారం ఫాస్టింగ్ ప్రేయర్ చేస్తాం. ముప్పై ఏళ్ళుగా నేనే నడిపిస్తున్నాను. ఉపవాసంలో అన్నం ముట్టం. గ్లూకోజ్ నీళ్ళు, చెరకు రసం, టీ, వీటికి దోషం లేదు. ముసలివాళ్ళూ ఉంటారు, పడిపోతారు.”

“అమ్మా, ఇది ఆ ఫాస్టింగ్ కాదు. దీన్ని పరగడుపు అంటారు. మంచినీళ్ళు తప్ప కడుపులో ఏమీ పడకూడదు.”

“పరగడుపని రాయాల్సింది మరి.”

“పోయిన రెండుసార్లూ ఇలాగే ఇచ్చారా?”

“ఇవ్వకుండా ఎలా? నా కూతురు కాదూ?”

ఆలిస్ మెల్లగా తల్లి వైపు తిరిగింది. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

“బ్యాగు బోర్లించావు,” అంది. “దగ్గు బిళ్ళ కూడా వదల్లేదు. పదిమంది ఆడవాళ్ళ ముందు నన్ను దొంగని చేశావు. పోసింది నువ్వా?”

“నేనేమైనా విషం పోశానా?”

“నన్ను దొంగన్నావమ్మా.”

“సరేలే. నేను పాతకాలం మనిషిని. నువ్వు డిగ్రీ చదివావు, ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నావు. ఫాస్టింగ్ అంటే ఏంటో నీకు తెలీదా? మరి ఎందుకు తాగావు?” కాంతమణి గొంతు కొంచెం కూడా తగ్గలేదు. “నేను చెప్పనా? తియ్యగా ఉందని తాగావు.”

ఆ మాటలో కొంచెం నిజం ఉంది. ఈ నెలల్లో ఆలిస్ నాలుకకు తగిలిన తీపి ఆ గ్లాసు ఒక్కటే. డాక్టరు ఫాస్టింగ్ అన్నప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట కూడా నిజమే. తల్లి గ్లాసు అందిస్తే ఆ అనుమానాన్ని గ్లాసుతో పాటే మింగేసింది. అంత చిన్న తీపిని తల్లి కనిపెట్టింది. ముప్పై ఏళ్ళ వార్డెన్ ఉద్యోగం ఊరికే పోలేదు.

డాక్టరు ఇబ్బందిగా దగ్గాడు. “ఇవాళ్టి రక్తం తీసుకోవడం దండగ. రేపు పరగడుపున రండి. దాంతో పాటు ఇంకో పరీక్ష చేయిస్తాను. దానికి పరగడుపూ అక్కర్లేదు, ఉపవాసమూ అక్కర్లేదు. మూడు నెలలుగా ఒంట్లో షుగరు ఎలా నడిచిందో చెప్పేస్తుంది. ఒక్క పూట తాగినదానికి అది మారదు, ఒక్క పూట మానినదానికీ మారదు.”

“చేయండి,” అంది ఆలిస్. ఆమెకప్పుడు తమ్ముడు గుర్తు రాలేదు, కిడ్నీ గుర్తు రాలేదు. తను దొంగ కాదని ఒక కాగితం చెబితే చాలనిపించింది.

*

మర్నాడు రక్తమిచ్చి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. అలమరకు తాళం అలాగే ఉంది. కాంతమణి మామూలుగానే రాగి జావ కాచింది, మామూలుగానే ఆలిస్ ముందు పెట్టింది. దేవకృప మాత్రం పొద్దున నడకలో ఒకసారి అంది.

“నేను సుత జెర ఎక్కువనే మాట్లాడిన వదినా. మనసుల పెట్టుకోకు. ఆయన తక్లీఫ్ చూస్తుంటే నాకు పిచ్చి లేస్తున్నది.”

“సరేలే.”

“రిపోర్టు మంచిగొస్తే ఆపరేషన్ ఎప్పుడు వెడ్తరంట?”

ఆలిస్ నడక వేగం పెంచింది. క్షమాపణ ముగిసి రెండు అడుగులు వేయకముందే ఆపరేషన్ వచ్చింది.

సాయంత్రం వరండాలో నోవహు ఒక్కడే ఉన్నాడు. మొహం ఉబ్బి ఉంది. ఆలిస్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. చిన్నప్పుడు వాడి చేయి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది ఆమే. ఆమె సైకిలు, ఆమె పెన్ను, కిటికీ ఉన్న ఆమె గది, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వాడివైపోయాయి. ఏదీ వాడు లాక్కోలేదు. ఆలిస్‌ది కదా అని ఇంట్లో ఎవరికీ తోచలేదు, అంతే.

“నువ్వు తినలేదని నాకు తెలుసక్కా,” అన్నాడు.

“ఎప్పుడు తెలిసింది? మొన్న డాక్టరు చెప్పాకా?”

“మొదటి నుంచీ తెలుసు. దొంగతనంగా తినేంత ధైర్యం నీకెక్కడిది?”

ఆలిస్ వాడి మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నాడు.

“మరి అమ్మ బ్యాగు బోర్లిస్తుంటే నోరెత్తలేదేం? నువ్వు పోయాక తినమన్నావు కదరా నన్ను?”

“అమ్మ నీ మీద అరుస్తున్నంతసేపూ నా దగ్గర కూర్చుని ఏడవదు. నాకు కాస్త తెరిపిగా ఉంటుంది.”

లోపల కుక్కర్ కూత వేసింది. నోవహు కాళ్ళు చాపుకున్నాడు. వాపుకి చర్మం మెరుస్తోంది. ఆలిస్‌కు జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి ఏ ఒక్కదాన్నీ చూపించలేకపోయింది.

“నన్నేమైనా అడగాలనుందా నోవహూ?” అంది చివరికి.

“ఏం అడగాలి?”

“ఏమో. అడగాలనుంటే.”

వాడు కాసేపు ఆలోచించాడు. “ఎన్నాళ్ళు సెలవు దొరుకుతుంది నీకు ఆఫీసులో?” అన్నాడు.

ఆలిస్ లేచి స్టూలు లోపల పెట్టేసింది.

అడిగితే ఇచ్చేది. ఆ సంగతి ఆమెకు ఖాయంగా తెలుసు. ‘అక్కా, ఇస్తావా’ అని ఒక్కసారి అడిగితే ఆలోచించకుండా ఇచ్చేది. రక్తం కలిసిందని తెలిసిన రోజున తల్లి ‘దేవుడు దారి చూపించాడు’ అంది. దేవకృప కళ్ళు తుడుచుకుంది. నోవహు ‘హమ్మయ్య’ అన్నాడు. మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు.

*

రిపోర్టులు వచ్చిన రోజు నలుగురూ కలిసే ఆస్పత్రికి వెళ్ళారు. కానీ డాక్టర్ మధుసూదన్ ఆలిస్‌ను ఒక్కదాన్నే లోపలికి రమ్మన్నాడు. కాంతమణి వెంట రాబోతే చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూనే తలుపు వేశాడు.

“చాలా బాగున్నాయమ్మా,” అన్నాడు కూర్చోగానే. “షుగరు మామూలుగా ఉంది. కొవ్వు దిగింది. మూడు నెలల పరీక్ష కూడా చక్కగా వచ్చింది. నేను చెప్పింది చెప్పినట్టు చేసిన మనుషుల్ని నేను చాలా తక్కువ మందిని చూశాను.”

ఆలిస్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఎవరో తన తల నిమిరినట్టు అనిపించింది. కాగితం చేతిలోకి తీసుకుని చదివింది, మళ్ళీ చదివింది.

“ఇప్పుడొక మాట అడగాలి,” అన్నాడు డాక్టరు. “చట్టం ప్రకారం ఒంటరిగానే అడగాలి. కిడ్నీ మీ ఇష్టంతోనే ఇస్తున్నారా?”

ఆలిస్ తల ఎత్తింది. ఈ ప్రశ్న కోసం ఇన్ని నెలలు ఎదురు చూసింది. ఇంట్లో వాళ్ళు అడుగుతారనుకుంది. ఆస్పత్రిలో, బల్లకు అవతల కూర్చున్న పరాయి మనిషి అడిగాడు.

“ఇష్టం లేదంటే?”

“ఆపరేషన్ ఉండదు.”

“వాడి సంగతి?”

“డయాలసిస్ మీద నడుస్తుంది. ఎన్నాళ్ళు అంటే చెప్పలేను. బాగా నడుస్తుందని మాత్రం అబద్ధం చెప్పను.”

“బయట వాళ్ళకి ఏం చెబుతారు?”

డాక్టరు గొంతు తగ్గించాడు. “మీకు ఇష్టం లేదని చెప్పం. రిపోర్టు సరిగ్గా రాలేదు, షుగరు వల్ల కుదరదు అని చెబుతాం. చాలా ఇళ్ళల్లో ఇలాగే కాపాడుతుంటాం. మీ మీదికి మాట రాదు.”

ఆలిస్ నవ్వింది. నవ్వు ఎందుకొచ్చిందో డాక్టరుకు అర్థం కాలేదు.

“మా ఇంట్లో షుగరు రోగం కాదండీ,” అంది. “దొంగతనం. మీరు షుగరని చెబితే నేను తిని తమ్ముణ్ణి చంపినదాన్నవుతాను. ఆదివారం గుడిలో నిలబడి ఒప్పుకోవాలి కూడా. పందెం వేశాను.”

“తొందరేం లేదు. ఆలోచించుకుని చెప్పండి,” అన్నాడు డాక్టరు.

“నేనే వాళ్ళతో మాట్లాడి వస్తాను,” అని లేచింది.

తలుపు దాకా నడిచే ఆ కొంచెంసేపట్లో ఆమె మనసు మెత్తబడింది. రిపోర్టు చూస్తే అమ్మ ఒక్క మాట అంటుంది. తప్పైందే అనక్కర్లేదు. ‘పాపం పిల్ల’ అన్నా చాలు. వాడు అడుగుతాడు. ఇవాళైనా అడుగుతాడు. అడిగితే ఇచ్చేస్తాను. అలా అనుకునే తలుపు తీసింది.

“ఏమైంది?” అంటూ లేచింది కాంతమణి.

“రిపోర్టు బాగుంది.”

“స్తోత్రం!” అని రెండు చేతులూ పైకెత్తింది కాంతమణి. కాగితం కోసం చెయ్యి చాపలేదు. కూతురి మొహం వైపు చూడలేదు. “కళ్ళు మూసుకోండి. అందరూ కళ్ళు మూసుకోండి.”

ఆస్పత్రి వరండాలో, వచ్చేపోయే జనం మధ్యలో, ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. దేవకృప కొంగు తల మీద కప్పుకుని ఏడుస్తూ నిలబడింది. ఎదుటి బెంచీ మీది ముసలాయన సైతం గౌరవంగా టోపీ తీశాడు.

“నా కొడుకుకు కొత్త కిడ్నీ దయచేసిన దేవా, నీకు వందనాలు. వాణ్ణి మరణపు వాకిట్లోంచి వెనక్కి పిలిచావు. ఈ విధవరాలి కన్నీళ్ళు చూశావు. పొద్దున్నే లేచి నేను కాచిన జావను, నా ప్రయాసను, నా కాపలాను నువ్వు దీవించావు...”

ఆలిస్ కళ్ళు మూసుకోలేదు. తన పేరు కోసం చెవులు రిక్కించుకుని వింది. నోవహు పేరు వచ్చింది, దేవకృప పేరు వచ్చింది, డాక్టర్ మధుసూదన్ చేతుల కోసం వేరే విన్నపం వచ్చింది. ఆపరేషన్ గది కూడా వచ్చింది. ఆలిస్ పేరు రాలేదు.

చక్రాల కుర్చీలో నోవహు కళ్ళు తెరిచాడు. అక్కను చూశాడు. ఆమె కళ్ళు మూసుకోలేదని చూశాడు, ఆమె మొహంలో ఏముందో చూశాడు. వాడికి అర్థమైంది. అడుగుతాడని ఆలిస్ ఆగింది. పెదాలు కదిలిస్తే చాలు, శబ్దం లేకపోయినా ఫర్వాలేదు.

నోవహు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గట్టిగా మూసుకున్నాడు.

“...అడిగి వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.”

“ఆమేన్,” అంది దేవకృప.

“ఆమేన్,” అన్నాడు నోవహు.

కాంతమణి కళ్ళు తుడుచుకుని కూతురి వైపు తిరిగింది. “ఏమే, నువ్వు ఆమేన్ అనవేం?”

“అనను,” అంది ఆలిస్. “రిపోర్టు బాగుందమ్మా. నేను ఏమీ తినలేదు. కిడ్నీ ఇవ్వను.”

దేవకృప కొంగు తల మీంచి జారిపోయింది. కాంతమణి అప్పుడు చాపింది చెయ్యి, రిపోర్టు కాగితం కోసం.

“ఎందుకక్కా?” అన్నాడు నోవహు. ఈసారి కళ్ళు తెరిచే అడిగాడు.